తేలు అంటే మూడు, తెలుగు కాదు

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా శ్రీకాకుళం జిల్లాలోని ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న అమ్మలకు, చోటు చాలక తలుపు దగ్గర నిలబడి వింటున్న తమ్ముళ్లకు నమస్కారం. సీతంపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆశ్రమ పాఠశాల పిల్లలకు, వాళ్లను తీసుకొచ్చిన మాస్టారికి ఇంకో నమస్కారం. మీతో నాకు చివర్లో పని ఉంది. భోజనాలకు పిలిచినా దయచేసి లేచి వెళ్లిపోకండి.

ఈ రోజు ఆగస్టు 29. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు 1863లో ఇదే తేదీన, మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. వాడుక భాష కోసం ఆయన పడ్డ పాట్లు నా ముందు మాట్లాడిన ఇద్దరూ చక్కగా చెప్పారు. నిర్వాహకులు నాకిచ్చిన కాగితంలో కూడా అదే అంశం ఉంది. క్షమించాలి, ఆ కాగితం పక్కన పెడుతున్నాను. ఏళ్ల తరబడి గుండెల్లో పెట్టుకున్న మాట ఒకటి ఉంది. అది చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి రోజు నాకు దొరకదు.

నేను భాషా పండితుణ్ణి కాను. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య పుట్టినవాణ్ణి. ఐటీఐ చదివి 1983లో ఓడెక్కాను. ముప్పై ఒక్క ఏళ్లు సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో మొదట ఆయిలర్‌గా, తర్వాత ఫిట్టర్‌గా పనిచేశాను. మా ఊళ్లో ఓడెక్కినవాళ్లు వాచీలు తెచ్చారు, టేపు రికార్డర్లు తెచ్చారు. నేను అవీ తెచ్చాను, వాటితోపాటు అంకెలు తెచ్చాను. ఏ రేవుకు వెళ్లినా అక్కడి మనుషుల భాషలో ఒకటి నుంచి పది దాకా అడిగి రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇదిగో, ఈ లాంగ్ నోట్సే అది. అట్ట నిండా గ్రీజు మరకలే. అడ్డంగా భాషలు, నిలువునా అంకెలు. మీకు కనిపించకపోతే తర్వాత దగ్గరికొచ్చి చూడండి.

ఈ అలవాటుకు ఒక అర్థం ఉందని నాకు తెలిసింది 1991 నవంబరులో. మడగాస్కర్ దీవి తూర్పు తీరాన తొవామసీనా అనే రేవు ఉంది. దీవికి అవతలి వైపున, నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఆఫ్రికా. మా ఓడలో బోసన్, అంటే డెక్కు మీది పనివాళ్ల పెద్ద, అతనిది ఫిలిప్పీన్స్. ఇద్దరం బజారుకు వెళ్లాం. లిచీ పళ్ల కాలం. రెమ్మలతో సహా కోసి, కట్టలు కట్టి, గంపల్లో పెట్టి అమ్ముతున్నారు. ఒక పెద్దావిడ దగ్గర పది కట్టలు బేరమాడాం. ఆవిడ ఒక్కో కట్ట తీసి మా సంచీలో వేస్తూ లెక్కపెడుతోంది. ఇసా, రువా, తేలు, ఎఫట్ర, దిమి. ‘ఏనిన’ అనేసరికి మా బోసన్ అటు తిరిగాడు. ఆవిడ ‘ఫితు’ అంది. ఇతను ‘పితో’ అన్నాడు. ఆవిడ ‘వాలు’ అంది, ఇతను ‘వలో’ అన్నాడు. ఆవిడ కట్ట చేత్తో పట్టుకుని అలాగే తలెత్తి చూసింది. తర్వాత మెల్లగా, పరీక్ష పెడుతున్నట్టుగా ‘సివి’ అంది. ఇతను ‘సియామ్’ అన్నాడు. ‘ఫులు’ అంది. ‘సంపూ’ అన్నాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఇతనికి ఫ్రెంచి రాదు. పదకొండో కట్ట డబ్బు తీసుకోకుండా వేసింది.

ఆ రాత్రి డ్యూటీ దిగాక మెస్‌లో కూర్చుని బోసన్ చేత అంకెలు మళ్లీ చెప్పించుకున్నాను. ఇసా, దలావా, తత్లో, ఆపత్, లిమా, ఆనిమ్, పితో, వలో, సియామ్, సంపూ. పక్కన మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో అంతకు ముందే రాసుకున్న మలయా అంకెలు ఉన్నాయి. వాటిలో రెండు దువా, నాలుగు ఎంపాత్, ఐదు లిమా, ఆరు ఎనామ్, పది సెపులు. మూడు భాషలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు నిద్ర పట్టలేదు. ఫిలిప్పీన్స్‌కూ మడగాస్కర్‌కూ మధ్య హిందూ మహాసముద్రం మొత్తం ఉంది. ఆఫ్రికా పక్కన కూర్చుని లిచీలు అమ్ముకునే ఆవిడకూ మనీలా కుర్రాడికీ ఒకే అంకెలు ఎలా వచ్చాయి?

తర్వాత ఏళ్లలో తెలుసుకున్నాను. ఈ భాషలన్నిటినీ కలిపి ఆస్ట్రోనేషియన్ భాషలంటారు. దక్షిణం, దీవి అనే అర్థాలున్న లాటిన్, గ్రీకు మాటలు కలిపి చేసిన పేరు అది. ఆ కుటుంబంలో 1,200 పైచిలుకు భాషలున్నాయి. పడమటి కొస మడగాస్కర్, తూర్పు కొస చిలీ దేశానికి చెందిన రాపా నూయి, అంటే ఈస్టర్ దీవి. భూగోళం చుట్టుకొలతలో సగానికి పైనే. యూరప్ ఓడలు సముద్రాలు దాటక ముందు ఇంత దూరం పాకిన భాషాకుటుంబం ఇంకొకటి లేదు. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో, అక్కడి మావొరీ తెగ కూలీని అడిగితే మూడుకు తోరు, ఐదుకు రిమా, ఎనిమిదికి వారు అన్నాడు. అన్నీ ఈ నోట్సులో ఉన్నాయి.

ఇక్కడి దాకా సంతోషమే. నా బాధ ఇప్పుడు మొదలవుతుంది.

2011లో సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఇదంతా ఒక వ్యాసంగా రాశాను. జీవితంలో నేను రాసిన మొదటి వ్యాసం. నాలుగుసార్లు సాపు రాసి ఒక పత్రికకు పంపాను. పత్రిక పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. మూడు నెలలకు అచ్చయింది. పేరు నాదే, ఫొటో నాదే. శీర్షిక నాది కాదు. ‘దీవుల భాషలన్నిటికీ తల్లి తెలుగే’ అని పెట్టారు. లోపల నేను రాయని రెండు పేరాలు చేర్చారు. మడగాస్కర్‌లో, జావాలో మూడును తేలు అంటారు కదా, మనది మూడు లింగాల దేశం, త్రిలింగం కదా, కాబట్టి తేలు, త్రిలింగం, తెలుగు ఒకటేనట. మన పూర్వులు ఓడల మీద వెళ్లి వాళ్లకు లెక్కలు నేర్పారట. అక్కడితో ఆగలేదు. మలయా భాషలో పడమరను ‘బారత్’ అంటారు. వాళ్లకు పడమరన ఉన్నది మన దేశమే కాబట్టి అది భారత్ అని పెద్దక్షరాల్లో వేశారు. చుట్టరికానికి రుజువు ఎలా చూడాలో నేను రాసిన పేజీన్నర మాత్రం తీసేశారు.

ఉత్తరం రాశాను. మళ్లీ ఓడెక్కి, సింగపూర్ నుంచి ఇంకో ఉత్తరం రాశాను. సవరణ వెయ్యలేదు. పోనీ, పాత పత్రిక ఎవరు చూస్తారులే అనుకున్నాను. తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. ఎవరో ఆ రెండు పేరాలే ఫొటో తీసి పంపడం మొదలుపెట్టారు. కింద నా పేరు, ‘ప్రపంచమంతా తిరిగిన తెలుగు నావికుడి పరిశోధన’ అని. ఇప్పటికీ ఏటా ఈ ఆగస్టు చివర్లో నా ఫోనుకే నాలుగైదు సార్లు వస్తుంది. మూడేళ్ల కిందట మా అమ్మాయి కొడుకు బడిలో వక్తృత్వ పోటీకి అదే బట్టీపట్టి చెప్పాడు. మొదటి బహుమతి వచ్చింది. ఆ బహుమతి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ‘తాతా, నీ పరిశోధనే చెప్పాను’ అన్నాడు. పిల్లాడి ముఖంలో అంత వెలుగు ఉంది. నేనేం చెప్పను? ఆ రోజు ఏమీ చెప్పలేకపోయాను. అందుకే ఈ రోజు మీ అందరి ముందు చెబుతున్నాను. ఆ రెండు పేరాలు నావి కావు. వాటిలో ఉన్నది నిజం కాదు.

ఎందుకు కాదో చెప్పాలి. కాదు అనేస్తే సరిపోదు.

అమ్మా, మన ఇంటి మాటలతోనే చెబుతాను. మనం పాలు అంటాం, కన్నడంవాళ్లు హాలు అంటారు. మన పులి వాళ్లకు హులి. మన పాము హావు. మన పువ్వు హూవు. మన పండు హణ్ణు. ఒక మాట కలిస్తే ఏమో అనుకోవచ్చు. మాట తర్వాత మాట, మన దగ్గర మొదట్లో ప ఉన్నచోటల్లా వాళ్ల దగ్గర హ వస్తోంది. పాత కన్నడంలో వాళ్లకూ ప ఉండేది, తర్వాత మారింది. ఇప్పుడు తిరగేసి చూడండి. వాళ్ల కెరె మనకు చెరువు. వాళ్ల కివి మనకు చెవి. వాళ్ల కెడు మనకు చెడు. కి, కె ఉన్నచోట మనకు చి, చె వచ్చాయి. అక్కడ మారింది మనం. ఇలా ఒక వరసలో, ఒక కట్టుబాటులో నడిచే తేడాలే చుట్టరికానికి సాక్ష్యం. ముఖం పోలిక చూసి చుట్టాలని చెప్పలేం. నా ముఖం పోలిన మనిషిని నేను పోర్చుగల్ రేవులో చూశాను. అతను నాకు ఏమీ కాడు.

దీవులకు వద్దాం. ఏడును ఫిలిప్పీన్స్‌లో పితో, జావాలో పితు అంటారు. మడగాస్కర్‌లో ఫితు. సమోవాలో ఫితు. ఈస్టర్ దీవిలో హితు. ఇక నిప్పు. ఫిలిప్పీన్స్‌లో ఆపోయ్, మలయాలో ఆపి, మడగాస్కర్‌లో ఆఫు, సమోవాలో ఆఫి, న్యూజీలాండ్‌లో, హవాయిలో ఆహి. పది చూస్తే మలయాలో సెపులు, మడగాస్కర్‌లో ఫులు, సమోవాలో సెఫులు. ప కాస్తా ఫ అయింది, కొన్నిచోట్ల హ అయింది. వినగానే మీకు పాలు, హాలు గుర్తొస్తుంది కదూ? నాకూ గుర్తొచ్చింది. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ప హగా మారడం లోకంలో చాలా భాషల్లో దేనికది జరిగిన మార్పు. కన్నడంలో జరిగింది, సముద్రంలోని ఆ దీవుల్లో జరిగింది. అంతమాత్రాన కన్నడం హవాయికి చుట్టం కాదు. మాటలూ కలవాలి, మార్పులూ కలవాలి, రెండూ కలిసి పదుల మాటల్లో నిలబడాలి. మూడు అనే మాట దగ్గరే చూడండి. తమిళంలో మూన్ఱు, కన్నడంలో మూరు, గోండీలో మూండ్. మన మూడు వీటితో కూర్చుంటుంది. తేలుతో కూర్చోదు. మన ఐదుకూ వాళ్ల లిమాకూ ఏం సంబంధం? మన ఏడుకూ వాళ్ల పితుకూ ఏం సంబంధం? పది అంకెల్లో ఒక్కటి మన పేరును తాకితే, మిగతా తొమ్మిదీ వదిలేసి దాన్ని పట్టుకోవడం న్యాయమా? మీరే చెప్పండి.

ఇప్పుడు బారత్ సంగతి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఎందుకంటే ఇది ఓడవాళ్ల మాట. మలయాలో బారత్ అంటే పడమర, తిమూర్ అంటే తూర్పు. మడగాస్కర్‌లో ఆవారట్ర అనే మాట ఉంది, దాని అర్థం ఉత్తరం. ఆట్సిము అంటే దక్షిణం. అవే రెండు మాటలు. దిక్కులు మాత్రం పక్కకు తిరిగాయి. ఎందుకు తిరిగాయి? మన జాలర్లను అడగండి, వాళ్లు గాలిని బట్టి దిక్కు చెబుతారు. ఇండోనేషియా దీవుల్లో వాన తెచ్చే గాలి పడమటి నుంచి వస్తుంది. ఆ గాలి పేరే దిక్కు పేరైంది. ఆ మనుషులు మడగాస్కర్ చేరాక, అక్కడ వాన తెచ్చే గాలి ఉత్తరం మీదుగా, వాయవ్యం నుంచి వీచింది. గాలి పేరు మార్చలేదు, దిక్కు మారింది. మా బోసన్ దేశంలో నైరుతి రుతుపవనాన్ని ఏమంటారో తెలుసా? హబాగత్. అదీ ఈ మాటే. బారత్‌లో ర ఉన్నచోట హబాగత్‌లో గ ఉంది చూశారా? మలయాలో కొత్త అనడానికి బారు, ఫిలిప్పీన్స్‌లో బాగో. మలయాలో బియ్యాన్ని బెరాస్ అంటారు, వీళ్లు బిగాస్ అంటారు. మలయాలో కొబ్బరి న్యియుర్, వీళ్లకు నియోగ్. ర, గ, ర, గ. వ్యాన్ డెర్ ట్యూక్ అని 1824లో మలక్కాలో పుట్టిన డచ్చి పండితుడు, బాలి దీవిలో అక్కడి మనుషుల మధ్య ఏళ్ల తరబడి బతికినవాడు, ఈ వరసను పట్టుకున్నాడు. ఇప్పుడు చెప్పండి. బారత్ అనేది మన భారత్ అయితే ఫిలిప్పీన్స్‌లో గ ఎక్కడి నుంచి వస్తుంది? మడగాస్కర్‌లో అది ఉత్తరం ఎలా అవుతుంది? ఈ పేరాయే వాళ్లు తీసేసింది. ఈ పేరాయే.

మన దేశం నుంచి వాళ్లకు మాటలు వెళ్లలేదని నేను అనడం లేదు. వెళ్లాయి, బోలెడు వెళ్లాయి. మలయాలో భాషను బహాసా అంటారు, తలను కెపాలా అంటారు, భూమిని బూమి అంటారు. దుకాణాన్ని కెదై అంటారు, తమిళుల కడై. ఫిలిప్పీన్స్‌లో పంతులు గారిని గురో అంటారు, ముఖాన్ని ముఖా అనే అంటారు. బోసన్ నోట ఆ మాట విని నేను ఉలిక్కిపడ్డాను. ఇవి వ్యాపారంతో, గుడులతో, పుస్తకాలతో వెళ్లిన అరువు మాటలు. పక్కింటి నుంచి చేబదులు తెచ్చుకున్న పంచదార మన చేలో పండినట్టు కాదు కదా. అరువు మాటకు ఈ ర, గ కట్టుబాట్లు ఉండవు. పుట్టు మాటకు ఉంటాయి. ఇచ్చిన అప్పుకు గర్వపడదాం, తప్పు లేదు. తల్లినని చెప్పుకోకూడదు. ఆ పిల్లలకు వాళ్ల తల్లి ఉంది.

ఆ తల్లి ఎవరో కనిపెట్టడానికి మనుషులు మూడు వందల ఏళ్లకు పైగా కష్టపడ్డారు. ఫ్రెడరిక్ డి హౌట్‌మన్ అనే డచ్చి నావికుడు సుమత్రాలోని ఆచేలో ఖైదులో పడ్డాడు. అక్కడ మలయా భాష నేర్చుకుని, 1603లో మలయా, మడగాస్కర్ మాటల పుస్తకం అచ్చు వేయించాడు. అతనూ నాలాగే ఓడ మనిషి. 1769లో కెప్టెన్ కుక్ ఓడ న్యూజీలాండ్ చేరినప్పుడు దానిలో తుపాయా అనే ఆయన ఉన్నాడు. తాహితి దగ్గరి రాయాతియా దీవికి చెందిన పూజారి, దారి తెలిసిన నావికుడు. తన ఊరికి నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో, ఎన్నడూ చూడని మావొరీలతో తన భాషలో మాట్లాడితే వాళ్లకు అర్థమైంది. ఒడ్డున నిలబడ్డ ఆ జనం అతని మాట విని ఎలా ఉండి ఉంటారు? నాకు లిచీల ఆవిడే గుర్తొస్తుంది. పాపం, తుపాయా మరుసటి ఏడాదే బతావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, జబ్బుతో చనిపోయాడు.

తర్వాత ఒట్టో డెంప్‌వోల్ఫ్ అని జర్మన్ డాక్టరు. న్యూ గినీలో మలేరియా మీద పనిచేసినవాడు. ఫిలిప్పీన్స్‌లోని తగాలోగ్, జావా భాష, సుమత్రాలోని బతక్, ఈ మూడింటితో మొదలుపెట్టి, మడగాస్కర్, ఫీజీ, సమోవాల దాకా సరిచూసుకుంటూ, ఆ తల్లి భాషలో ఉండి ఉండాల్సిన మాటలు రెండు వేలకు పైగా నిలబెట్టాడు. 1934 నుంచి 1938 దాకా మూడు సంపుటాలు. నార్వే మిషనరీ ఒట్టో డాల్ 1951లో ఇంకో ముడి విప్పాడు. మడగాస్కర్ భాషకు అందరికంటే దగ్గరి చుట్టం పక్కనున్న ఆఫ్రికాలో లేదు. ఏడు వేల కిలోమీటర్ల అవతల, బోర్నియో దీవిలో బరీతో నది దగ్గర మాట్లాడే మాఅన్యాన్ భాష అది. మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగుకూ దాని అక్కచెల్లెళ్లకూ ఇదే పని చేశారు. అరకు వైపు కొండదొరల దగ్గర కూర్చుని, వాళ్ల కూబి భాషకు వ్యాకరణం రాశారు. పుస్తకంలో లేని భాష దగ్గరకు నడిచి వెళ్లాలి. ఆయన వెళ్లారు.

తల్లి ఇల్లు ఎక్కడ? చైనా పక్కన తైవాన్ దీవిలో. ఇప్పుడక్కడ ఎక్కువమంది మాట్లాడేది చైనీస్. అసలు తెగల జనం నూటికి ఇద్దరు, ముగ్గురు. నేను 2006లో కావ్‌షియుంగ్ రేవులో క్రేన్ నడిపే ఒకతన్ని అడిగాను. వాళ్లమ్మ పైవాన్ తెగ. తనకు భాష సరిగా రాదని సిగ్గుపడుతూనే అమ్మకు ఫోన్ చేసి, నా చెవి దగ్గర పెట్టాడు. ఇతా, దుసా, చెలు, సెపాచ్, లిమా, ఎనెమ్, పిచు, ఆలు, సివా, పులు. తొమ్మిదికి సివా అనగానే శివుడు అనకండి, దయచేసి. మడగాస్కర్ ఆవిడ సివి అనలేదూ? నిప్పును వాళ్లు సపుయ్ అంటారు. మిగతా దీవుల్లో అందరూ పోగొట్టుకున్న మొదటి స ఇక్కడ నిలిచి ఉంది. డెంప్‌వోల్ఫ్ లెక్కలోకి తైవాన్ భాషలు రాలేదు, అందుకని ఆయనకు ఆ స దొరకలేదు.

రాబర్ట్ బ్లస్ట్ అనే పండితుడు ఈ కుటుంబాన్ని పది శాఖలుగా చూపించాడు. తొమ్మిది శాఖలు ఒక్క తైవాన్‌లోనే ఉన్నాయి. తైవాన్ బయట ఉన్న వెయ్యికి పైగా భాషలు, మలయా, జావా, తగాలోగ్, మడగాస్కర్, మావొరీ, హవాయి, ఫీజీ, అన్నీ కలిపి పదో శాఖ. పదిమంది అన్నదమ్ములుంటే తొమ్మిదిమంది ఒకే వీధిలో ఉండిపోయారు. పదోవాడు పడవెక్కాడు. లోకమంతా చూసేది పదోవాడి సంతానాన్నే. ఇంటి జాడ చెప్పేది మాత్రం ఆ తొమ్మిది గడపలు. పదోవాడు ఫిలిప్పీన్స్‌లో దిగింది సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట. న్యూజీలాండ్ చేరింది మొన్న మొన్న, ఏడు వందల ఏళ్ల కిందట. ఇది భాషలొక్కటే చెప్పడం లేదు, తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులూ దాదాపు ఇదే దారి చూపిస్తున్నాయి.

ఆ తొమ్మిది గడపల వీధిలో పాజే అనే భాష ఒకటి ఉండేది. దాన్ని పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి పాన్ జిన్-యు అనే పెద్దావిడ. 2010లో తొంభై ఆరేళ్ల వయసులో పోయారు. పోయేలోపు ఇద్దరు పండితులు ఆవిడ దగ్గర కూర్చుని నిఘంటువు రాసుకున్నారు. లేకపోతే ఏం పోయేదో చూడండి. పాజే భాషలో ఐదు ఖసెప్. రెండు దుసా, మూడు తురు, నాలుగు సుపత్. ఏడు ఏమిటి? ఖసెబిదుసా, ఐదు మీద రెండు. ఎనిమిది ఖసెబితురు, ఐదు మీద మూడు. తొమ్మిది ఖసెబిసుపత్. చేతి వేళ్లు అయిపోయాక రెండో చెయ్యి ఎత్తి లెక్కపెట్టినట్టు. పితు, వలు, సివా అనే మాటలు పుట్టక ముందు అందరూ ఇలాగే లెక్కపెట్టేవాళ్లని ఒక పండితుడు అంటాడు. కాదు, పాజేవాళ్లే తర్వాత మార్చుకున్నారని ఇంకొకరంటారు. వాదన తెగలేదు. తెగకపోయినా ఆ వాదన నడవడానికి ఆధారం మిగిలింది ఒక ముసలమ్మ నోటి నుంచి. అమ్మలారా, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. లక్షల మంది మాట్లాడే భాష చెప్పలేని సాక్ష్యం ఒక్కోసారి ఒక్క మనిషి దగ్గర ఉంటుంది.

అధ్యక్షులవారు చేతి గడియారం చూస్తున్నారు. ఇంకో అయిదు నిమిషాలు ఇప్పించండి. గిడుగు వారి దగ్గరికే వస్తున్నాను.

పంతులు గారు పర్లాకిమిడిలో పనిచేసే రోజుల్లో కొండల నుంచి దిగివచ్చే సవర గిరిజనుల మాట విన్నారు. అక్కడ ఎంతమందో విన్నారు, ఆయనొక్కరే నేర్చుకున్నారు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. వాళ్లకు బడులు పెట్టారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వికటించి చెవుడు వచ్చింది. ఒక భాషను వినడానికి వెళ్లి వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ సంగతి తలుచుకుంటే నా ఒళ్లు జలదరిస్తుంది.

సవరకూ ఈ దీవులకూ లింకు ఉంది. సవర తెలుగుకు చుట్టం కాదు. అది ముండా భాష, కంబోడియా ఖ్మేర్‌కూ వియత్నామీస్‌కూ చుట్టం. ఆ పెద్ద కుటుంబానికి ఆస్ట్రోఏషియాటిక్ అని పేరు పెట్టిన విల్‌హెల్మ్ ష్మిట్ అనే ఫాదరే ఆస్ట్రోనేషియన్ అనే పేరూ పెట్టాడు. 1906లో ఆయన ఇంకో అడుగు వేసి, ఈ రెండు కుటుంబాలూ ఒకే తల్లి బిడ్డలని ప్రతిపాదించాడు. అదే నిజమైతే సీతంపేట కొండ మీది సవర అవ్వకూ తొవామసీనా లిచీల అవ్వకూ మధ్య, ఎన్నో వేల ఏళ్ల వెనక, ఒక తల్లి ఉన్నట్టే. నూరేళ్లు దాటినా అది రుజువు కాలేదు. నా మనసు నిజం కావాలని కోరుతుంది. కోరినంత మాత్రాన రాసుకోకూడదు. నా పేరుతో ఒకసారి అలాంటి రాత అచ్చయింది, రెండోసారి కానివ్వను.

ఫోనుల్లో ఆ ఫొటో వస్తే దయచేసి ముందుకు పంపకండి. పంపినవాళ్లకు నా మాటగా చెప్పండి, ఆయన అది రాయలేదన్నాడని. మా మనవడికి పోయిన నెల ఈ నోట్సు మొదటి పేజీ నుంచి చూపించి మొత్తం చెప్పాను. కాసేపు బాధపడ్డాడు. తర్వాత బారత్, హబాగత్ తనే మళ్లీ మళ్లీ అనుకుంటూ తిరిగాడు.

నలభై ఏళ్లలో ఈ నోట్సులో పంతొమ్మిది భాషలు రాసుకున్నాను. సముద్రాలు దాటి రాసుకున్నాను. మా ఊరికి రెండున్నర గంటల దూరంలో ఉన్న సవర గడి ఇదిగో, ఖాళీగా ఉంది. పుస్తకంలో చూసి రాయవచ్చు. బాగు, యాగి, ఉంజి అని రెండు, మూడు, నాలుగు నాకు తెలుసు. మనిషి నోట వినకుండా రాయకూడదని ఆపాను. మాస్టారూ, మీ పిల్లల్లో ఇంట్లో సవర మాట్లాడేవాళ్లు ఎవరు? నువ్వా అమ్మా? సిగ్గుపడకు, ఇలా మైకు దగ్గరికి రా. పెన్ను తీశాను. ఒకటి నుంచి మొదలుపెట్టు, మెల్లగా.